ఎడమ పక్కనే ఎందుకు

ఆ రైల్వే స్టేషన్లో ఆమెను చూసినవాళ్ళు తక్కువ, ఆమె మాట విననివాళ్ళు లేరు. పన్నెండు ప్లాట్‌ఫారాల మీద పద్దెనిమిదేళ్ళుగా మోగుతున్న గొంతు ఆమెది. కూలీల దగ్గర నుంచి స్టేషన్ మాస్టరు దాకా అందరూ ఆమెను మైకమ్మ అనే పిలిచేవారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వాడుకలో లేదు.

ఆమె పనిచేసే గది ఒకటో ప్లాట్‌ఫారం చివర, మేడ మీద ఉండేది. అగ్గిపెట్టెంత గది. ఎదురుగా అద్దం, అద్దం కింద బల్ల, బల్ల మీద మైకు, పక్కన రైళ్ళ రాకపోకలు చూపించే తెర. చప్పుడు మైకులో పడుతుందని ఫ్యాను వేసుకోవడానికి వీల్లేదు. కిటికీ తెరిస్తే ఇంజన్ల కూత, మూస్తే ఉక్క. ఆ ఉక్కలోనే కూర్చుని వేలమందిని ఊళ్ళకు పంపేది మైకమ్మ.

ఒక మధ్యాహ్నం గొంతు తడుపుకుందామని సీసాలోని చల్లటి నీళ్ళు ఒక గుక్క తాగి మైకు మీట నొక్కింది. "ప్రయాణికులకు గమనిక. రెండు గంటల పది నిమిషాలకు బయలుదేరవలసిన బండి ప్లాట్‌ఫారం నంబరు ప..." అనేసరికి ఎడమ దవడలో ఎవరో సూది దించినట్టయింది. నోట మాట నోట్లోనే ఉండిపోయింది.

పది, పదకొండు, పన్నెండు, మూడూ 'ప'తోనే మొదలవుతాయి. జనం ఎవరికి తోచిన అంకె వాళ్ళు పూర్తిచేసుకుని పెట్టెలు మోసుకుంటూ పరుగెత్తారు. ఆమె తేరుకుని "పదకొండు" అనేలోపు కాలివంతెన మీద ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ గుద్దుకుని సంతలా తయారైంది.

రెండు నిమిషాల్లో స్టేషన్ మాస్టరు ఫోను చేశాడు. "మైకమ్మగారూ, ఉన్నది ఒక్క బండి. దాన్ని మూడు ప్లాట్‌ఫారాలకి పంచితే ఎలాగండీ?"

"పన్ను నొప్పండీ," అంది ఆమె, దవడ పట్టుకుని.

"అయితే రేపు సెలవు పెట్టి చూపించుకోండి. మళ్ళీ 'ప' దగ్గర ఆగితే నా వల్ల కాదు."

ఇంటికి వెళ్ళేసరికి వదిన కుట్టు మిషను ముందు కూర్చుని ఉంది. వదిన అంటే భర్తకు అక్క. ఆడపడుచు అర్ధమొగుడంటారు గానీ, ఈ ఇద్దరి మధ్యా పెత్తనం కన్నా వేళాకోళమే ఎక్కువ. అరవై ఒక్కేళ్ళు వచ్చినా వదిన నోట్లో ముప్పై రెండు పళ్ళూ గట్టిగా ఉన్నాయి. దారం కొరికేదీ వాటితోనే, బాదం కాయ పగలగొట్టేదీ వాటితోనే. పైగా తీపంటే ప్రాణం. భోజనం అయ్యాక చాక్లెట్టో, కేకు ముక్కో పడకపోతే ఆవిడకు తిన్నట్టే ఉండదు.

"ఏమ్మా, మొహం అలా వేలాడేశావు?" అంది వదిన.

"పన్ను, వదినా. ప్రాణం తోడేస్తోంది."

వదిన ఆమెను దీపం కిందికి లాగి, నోరు తెరిపించి, సూదిలో దారం ఎక్కించేటప్పుడు చూసినట్టు ఒక కన్ను మూసి చూసింది. "నల్లగా ఉంది. పురుగు పట్టింది."

"పురుగు కనపడుతోందా?"

"లోపలుంటుంది. పైకొచ్చి నీకు కబురు చెబుతుందా ఏమిటి?"

ఒక లవంగం తెచ్చి ఆ పన్ను మీద పెట్టి నొక్కి పట్టుకోమంది. నొప్పి కాస్త మెత్తబడింది. ఆ మెత్తబడిన చోట మైకమ్మకు ఒక ఆలోచన పుట్టింది. పళ్ళు తోమేది ఇద్దరూ ఒకేలా, రోజుకు రెండు పూటలా. తినేది ఒకే వంట. చాక్లెట్లు తినేది వదిన, పుచ్చింది తన పన్ను. ఇదెక్కడి లెక్క?

మర్నాడు పళ్ళ డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు ఆమె మొదట అడిగింది పురుగు సంగతే. డాక్టరు యాభై దాటిన మనిషి. పొట్టిగా ఉండటం వల్ల కుర్చీ పక్కన చిన్న పీట వేసుకుని నిలబడి పనిచేసేది. మాట నెమ్మది, చూపు మాత్రం దొంగను పట్టే చూపు.

"పురుగు ఉందాండీ లోపల?"

"లేదమ్మా. ఉంటే నా పని తేలికయ్యేది, పట్టకారుతో లాగేసేదాన్ని," అంది డాక్టరు. చిన్న అద్దం నోట్లో పెట్టి ఒక్కో పన్నూ చూస్తూ, పక్కనున్న నర్సుకు అంకెలు చెబుతూ పోయింది. సగంలో ఆగి మళ్ళీ మొదటి నుంచి చూసింది. ఎక్స్‌రే తీయించి తెర మీద వేసింది.

తెర మీద తన పళ్ళను చూసుకుని మైకమ్మ నొప్పి మరిచిపోయింది. తెల్లటి పళ్ళ మధ్య ఒక పంటి పక్కన నల్లటి నీడ. ఆ నీడ లోపలికి పాకి మధ్యలో ఉన్న సన్నటి గదిని తాకుతోంది.

"అదేమిటండీ?"

"పంటికి పైన గట్టి పెంకు ఉంటుంది. ఒంట్లో అంత గట్టిది ఇంకోటి లేదు. దాని లోపల కాస్త మెత్తటి పొర, నడుమ నరం. మన నోట్లో కంటికి కనపడని క్రిములు కోట్లల్లో ఉంటాయి. మనం తీపి తింటే అవీ తింటాయి. తిని పులుపు వదులుతాయి. ఆ పులుపు పెంకులోని ఖనిజాన్ని కరిగిస్తుంది."

"అందరికీనా?"

"అందరికీ. మీకూ నాకూ. తిన్నాక అరగంట సేపు కరుగుతుంది. తర్వాత ఉమ్ము ఆ పులుపుని కడిగేసి, పోయిన ఖనిజాన్ని మళ్ళీ తెచ్చి అతుకుతుంది. రోజంతా ఈ తీసుకోవడం, ఇవ్వడం జరుగుతూనే ఉంటుంది. ఇచ్చేదానికన్నా తీసుకునేది ఎక్కువైతే ముందు పంటి మీద సుద్దలాంటి తెల్లమచ్చ వస్తుంది. అప్పుడు కూడా పట్టించుకోకపోతే గుంట. గుంట నరం దాకా పోతే ఇదిగో, మీలా 'ప' దగ్గర ఆగిపోవడం."

స్టేషన్లో జరిగిన సంగతి అప్పుడే ఊరంతా పాకిందన్నమాట. మైకమ్మకు సిగ్గేసింది.

డాక్టరు పీట దిగి, ఆమెకు చేతి అద్దం ఇచ్చి చూపించింది. ఎడమ పక్క, పైవరుసలోనూ కిందివరుసలోనూ, బుగ్గ వైపు చిగుళ్ళకు ఆనుకుని గుంటలు. నరం దాకా పోయింది ఒకటి, మామూలువి మూడు. ఇవి కాక రెండు తెల్లమచ్చలు. కుడి పక్క ఒక్కటంటే ఒక్కటి లేదు.

"మీరు కుడిచేత్తోనే తోముతారు గదా?" అంది డాక్టరు.

"అవునండీ."

"కుడిచేతివాళ్ళకి మామూలుగా ఎడమ పక్కే బాగా శుభ్రపడుతుంది. మీది తిరగబడింది. ఎడమ పక్కనే ఎందుకు?" ఆ ప్రశ్న ఆమెను అడిగినట్టు లేదు, తనకు తానే వేసుకున్నట్టుంది. "నొప్పి పన్నుకి ఇవాళ మందు పెడతాను, నొప్పి తగ్గుతుంది. కానీ కారణం తెలియకుండా గుంటలు పూడిస్తే కారే పైపు కట్టకుండా నేల తుడిచినట్టే. ఒక వారం పాటు నోట్లోకి ఏం వెళ్ళినా, ఎప్పుడు వెళ్ళినా రాసిపెట్టండి."

ఇంజక్షను పొడిచి, పన్ను తొలిచి, నరం ఉన్న గదిని శుభ్రం చేసి, మందు పెట్టి తాత్కాలికంగా మూసింది. మైకమ్మ సగం మొద్దుబారిన పెదవితో ఇంటికి వచ్చింది.

రాయడమైతే రాసింది, అదీ తనకు అలవాటైన పద్ధతిలో. 'ఉదయం 6.40, కాఫీ, రాక. 6.55, పోక.' వదిన ఆ కాగితం చూసి పడీ పడీ నవ్వింది. "ఆగు, కాఫీ ఎన్నో నంబరు ప్లాట్‌ఫారం మీదికొచ్చిందో కూడా రాయి."

"నవ్వకండి. మీదీ రాయాలి."

"నాదెందుకే? నా పళ్ళు బాగానే ఉన్నాయిగా."

"అందుకే. బాగున్నవాళ్ళది చూస్తేనే గదా బాగులేనివాళ్ళకి తెలిసేది."

వదిన బెట్టు చేసినా లోపల సరదాపడింది. వారం తిరిగేసరికి రెండు కాగితాలు తయారయ్యాయి. పక్కపక్కన పెట్టి చూస్తే మైకమ్మకు ఒళ్ళు మండిపోయింది. వదిన వారంలో తొమ్మిది చాక్లెట్లు, ఐదు కేకు ముక్కలు లాగించింది. తనది కాఫీ, అన్నం, కాఫీ, అన్నం. ఒక సన్యాసిని దినచర్యలా ఉంది.

ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్ళారు. డాక్టరు వదిన నోరు కూడా చూసింది. వదిన ఏదో బహుమతి ప్రదానానికి వచ్చినట్టు తల ఎత్తి నోరు తెరిచింది.

"బంగారం లాంటి పళ్ళు," అంది డాక్టరు. కాగితం చూసి, "మీరు తీపి ఎప్పుడూ భోజనంతోనే తింటారా?"

"మధ్యలో తింటే బట్టల మీద మరకలు పడతాయండీ. పెళ్ళిబట్టలు కుట్టేదాన్ని."

"అదే మిమ్మల్ని కాపాడింది. ఎంత తిన్నారన్నది కాదు, ఎన్నిసార్లు తిన్నారన్నది అసలు సంగతి. పది చాక్లెట్లు ఒక్కసారే తింటే పళ్ళకి ఒకటే దెబ్బ. ఒక్క చాక్లెట్టునే పది ముక్కలు చేసి గంటకొకటి తింటే పది దెబ్బలు. ఉమ్ముకి బాగుచేసే తీరికే ఉండదు. అలాగని పది తినమని కాదు, మీ పళ్ళ మాటే చెబుతున్నా."

వదిన మరదలి వైపు విజయగర్వంతో చూసింది. డాక్టరు రెండో కాగితం తీసుకుని చాలాసేపు చూసి, కళ్ళజోడు తీసింది.

"ఈ కాగితం ప్రకారం మీ పళ్ళకి పుచ్చే హక్కు లేదమ్మా. ఏదో మర్చిపోయారు."

"ఏమీ మర్చిపోలేదండీ. ఉన్నదున్నట్టు రాశాను," అంది మైకమ్మ, కాస్త నొచ్చుకుని. రైలు అరనిమిషం ఆలస్యమైనా చెప్పే మనిషిని పట్టుకుని మర్చిపోయావంటే ఎలా ఉంటుంది?

ఆ తర్వాతి సంగతి డాక్టరు గదిలో కాదు, స్టేషన్లో తేలింది. వైద్యానికి ఆమె నాలుగైదు సార్లు సెలవు పెట్టాలి. ఆ రోజులకోసం ఆమె గొంతుతోనే అంకెలూ, ఊళ్ళ పేర్లూ రికార్డు చేసి పెడదామని స్టేషన్ మాస్టరు ఒక సౌండు ఇంజనీరును పిలిపించాడు. బక్కపల్చటి మనిషి. చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఆమె ఒక్కో అంకె చెబుతుంటే కళ్ళు మూసుకుని వినేవాడు.

"ఏడు," అంది ఆమె.

"ఇంకోసారండీ."

"ఏడు."

"మళ్ళీ వస్తోంది." అతను కళ్ళు తెరిచాడు. "చివర్లో టక్ మని చిన్న చప్పుడు. గాజుగోళీ గిన్నెకి తగిలినట్టు. మైకు తీగ అనుకున్నా, కాదు. మీ దగ్గర్నుంచే వస్తోంది."

హెడ్‌ఫోన్లు ఆమెకు ఇచ్చి వినిపించాడు. తన గొంతు తనకే కొత్తగా ఉంది. "ఏడు," ఆ వెంటనే, నిజమే, టక్. "ఎనిమిది," టక్. మైకమ్మ నాలుకను అటూ ఇటూ కదిపింది. ఎడమ బుగ్గలో నున్నగా, గుండ్రంగా ఉన్న దాని మీదికి వెళ్ళి నాలుక ఆగింది.

గొంతు బిళ్ళ.

ఆమె కదలకుండా కూర్చుంది. ఇంజనీరు ఏదో అడిగాడు, వినిపించుకోలేదు. మైకు కుడివైపు ఉంటుంది. మాట నలగకూడదని బిళ్ళను ఎడమ బుగ్గలోకి నెట్టి, అక్కడ అట్టిపెట్టి మాట్లాడటం ఆమెకు ఊపిరి తీసుకోవడమంత అలవాటు. కరిగిపోగానే ఇంకోటి. అది తిండి కాదు, మందు. మందును ఎవరైనా తిండి జాబితాలో రాస్తారా? బల్ల కింద చెత్తబుట్ట ముందుకు లాగి, పొద్దుట్నుంచి ఆ సాయంత్రం దాకా విప్పి పడేసిన కాగితాలు ఏరి లెక్కపెట్టింది. పధ్నాలుగు. బిళ్ళల డబ్బా తిప్పి చూస్తే, మందు పేర్లకన్నా ముందు మొట్టమొదట రాసి ఉన్నది చక్కెర.

తప్పు తనదేనని తెలిసింది. అయినా ఆమె మొహంలో దిగులు లేదు. దొంగ దొరికినప్పుడు, ఆ దొంగ మనింటివాడే అయినా, దొరికాడన్న సంతోషం ఒకటి ఉంటుంది. డ్యూటీ దిగీ దిగగానే ఆ పధ్నాలుగు కాగితాలూ, డబ్బా చేతిసంచిలో వేసుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తింది.

డాక్టరు కాగితాలను బల్ల మీద వరసగా పేర్చింది. "ఎనిమిది గంటల్లో పధ్నాలుగు. అంటే మీ ఎడమ పక్క పళ్ళు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పులుపులోనే నానుతున్నాయి. ఎన్నేళ్ళ నుంచి?"

"పదకొండేళ్ళు."

"ఎందుకు మొదలుపెట్టారు?"

మైకమ్మ బల్ల మీది కాగితం ఒకటి తీసి మడతపెట్టింది. పదకొండేళ్ళ కిందట ఆమెకు జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది. తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజులూ స్టేషన్లో ఎవరిదో ముక్కలు ముక్కలుగా అతికించిన మరగొంతు పెట్టారు. తొమ్మిదో రోజు ఆమె మామూలు ప్రయాణికురాలిలా ప్లాట్‌ఫారం మీద నిలబడి దాన్ని వింది. అటూ ఇటూ చూసింది. ఒక్కరూ తల ఎత్తలేదు. గొంతు మారిందని ఒక్కరికీ పట్టలేదు.

"ఆ రోజు నుంచీ గొంతు ఆరితే భయమండీ," అంది. "ఇంకోసారి పోతే మళ్ళీ నన్ను పిలవరేమోనని."

డాక్టరు లేచింది. ఒక గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఆమె ముందు పెట్టింది. చల్లవి కావు. "గొంతు తడవాలంటే ఇది చాలు. గంటకి నాలుగు గుక్కలు. మరీ ఎండితే చక్కెర లేని బిళ్ళ ఏదైనా చూద్దాం, అదీ ఒకే చోట అట్టిపెట్టకూడదు."

తర్వాతి నెలరోజుల్లో నరం పన్నుకు వైద్యం పూర్తయి తొడుగు పడింది. మూడు గుంటలూ పూడాయి. తెల్లమచ్చల దగ్గరికి వచ్చేసరికి డాక్టరు పన్ను తొలిచే మర తీయలేదు. బ్రష్షుతో ఏదో జిగురుమందు రాసింది.

"ఇవి ఇంకా గుంటలు కాలేదు. ఫ్లోరైడు పూశాను. ఫ్లోరైడున్న పేస్టుతోనే తోమండి, రాత్రి పడుకునే ముందు తప్పకుండా. తోమాక ఉమ్మేయండి, నీళ్ళు పోసి పుక్కిలించకండి. పుక్కిలిస్తే మందు కూడా కొట్టుకుపోతుంది. మూడు నెలలు చూద్దాం."

"వాటంతటవే బాగవుతాయా?"

"అవచ్చు. కాకపోనూ వచ్చు. మీ ఉమ్ము ఎంత పని చేస్తుందో చూడాలి."

బిళ్ళ లేకుండా మొదటి రోజు డ్యూటీ ఆమెకు అగ్నిపరీక్షే అయింది. నాలుక మాటిమాటికీ ఎడమ బుగ్గలోకి వెళ్ళి వెతుక్కునేది. పదిన్నరకు గొంతు గరగరలాడింది. పదకొండుకు "పన్నెండు" అనబోతే మధ్యలో చీలి, లేత కోడిపుంజు కూత లాంటిది బయటికొచ్చింది. మీట వదిలేసి కళ్ళు మూసుకుంది. ఇప్పుడు ఫోను మోగుతుంది అనుకుంది.

మోగింది. "మైకమ్మగారూ, నీళ్ళు తాగి చెప్పండి, తొందరేం లేదు," అన్నాడు స్టేషన్ మాస్టరు. "ఆ రికార్డుది ఒక పూట పెట్టి చూశాం. మీ గొంతే గానీ, బండి ఆలస్యమైతే దానికి బాధ లేదండీ. మీరైతే మీరే ఆలస్యం చేసినట్టు చెబుతారు. జనం తిట్టడానికి మొహమాటపడతారు."

ఆమె నీళ్ళు తాగింది. పన్నెండు అని మళ్ళీ చెప్పింది. ఈసారి చీలలేదు. సాయంత్రానికి గొంతు బరువుగా ఉంది గానీ పోలేదు. మర్నాడు ఇంకాస్త తేలికైంది.

మూడు నెలలకు కుర్చీలో కూర్చున్నప్పుడు ఆమె నోరు తెరవడానికి ముందే చేతి అద్దం అడిగి తీసుకుంది. డాక్టరు గాలి ఊది పళ్ళు ఆరబెట్టి, దీపం దగ్గరికి లాగింది. ఇద్దరూ ఒకే అద్దంలోకి తలలు ఆనించి చూశారు. పైవరుస మచ్చ సుద్దరంగు పోయి, నున్నగా, గట్టిగా మెరుస్తోంది. కిందిది మాత్రం మెత్తబడి కొంచెం కుంగింది.

"ఒకటి నిలిచింది, ఒకటి పోయింది," అంది డాక్టరు. "కిందిదాన్ని ఇవాళ పూడుస్తాను."

"ఒకే నోట్లో, ఒకే ఉమ్ములో, ఒకటి ఎందుకు బాగైంది, ఇంకోటి ఎందుకు కాలేదు?"

డాక్టరు పీట మీద నిలబడి ఆలోచించింది. "కిందిది మొదటే లోతుగా ఉందేమో. మీ బ్రష్షు అక్కడిదాకా పోవడం లేదేమో. నిజంగా చెప్పాలంటే నాకూ పూర్తిగా తెలియదమ్మా."

ఆ జవాబు మైకమ్మకు నచ్చింది. ఇంటికి వెళ్ళి వదిన చేతికి కొత్త బ్రష్షు ఇచ్చి, కింది వరుస ఎడమ మూలకు ఏ వాలులో పట్టుకుంటే అందుతుందో తన నోట్లో పెట్టి చూడమంది. వదిన విసుక్కుంటూనే కళ్ళజోడు పెట్టుకుంది.

ఆ వారంలోనే ఒక రోజు మేడమెట్ల మీద ఎవరో తటపటాయిస్తున్న చప్పుడైంది. తలుపు తీస్తే సిగ్నల్ క్యాబిన్లో పనిచేసే పెద్దాయన, చెయ్యి బుగ్గకు ఆనించుకుని నిలబడ్డాడు.

"మీకు పళ్ళ సంగతి తెలుసంటున్నారమ్మా."

"నాకేం తెలుసండీ, డాక్టరు దగ్గరికి వెళ్ళండి."

"వెళ్తాను. ముందు మీరొకసారి చూడండి. భయంగా ఉంది."

తర్వాతి బండికి ఇంకా తొమ్మిది నిమిషాలుంది. మైకమ్మ మైకు మీట ఆపి ఉందో లేదో చూసుకుంది. కుర్చీని కిటికీ వెలుతురులోకి జరిపి ఆయన్ను కూర్చోబెట్టింది.

"నోరు తెరవండి," అంది. వంగి చూసింది. "ఇది కుడి పక్కనే ఉందే. టీ ఎన్నిసార్లు తాగుతారు? ఒక్కసారే తాగేస్తారా, పక్కన పెట్టుకుని గంటసేపు చప్పరిస్తారా?"